వాహనం అప్పుడప్పుడు స్టార్టు కాకపోవడం

వాహనం అప్పుడప్పుడు స్టార్టు కాకపోవడం అనేది మోటారు వాహనాలలో తరచుగా కనిపించే ఒక లోపం. ఉదయం చక్కగా స్టార్టు అయిన కారు మధ్యాహ్నం మొరాయిస్తుంది. అరగంట తరువాత ఎవరూ ఏమీ చేయకుండానే మళ్ళీ స్టార్టు అవుతుంది. మెకానిక్కు వద్దకు తీసుకొని వెళ్ళిన రోజున లోపం కనిపించదు. పూర్తిగా చెడిపోయిన భాగాన్ని కనిపెట్టడం సులభం. ఒకసారి పనిచేసి మరొకసారి పనిచేయని భాగాన్ని కనిపెట్టడం కష్టం. అందువలన ఊహ మీద ఒక్కొక్క భాగాన్ని మార్చుకుంటూ పోయి అనేకులు వేల రూపాయలు నష్టపోతుంటారు. అంతకంటె ముఖ్యంగా, అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలసిన సమయంలో ఇటువంటి వాహనం ప్రాణాపాయానికి కారణం కావచ్చును. ఈ లోపానికి గల కారణాలు, వాటిని వరుసగా పరీక్షించే పద్ధతి ఈ వ్యాసంలో వివరించబడినవి. ఇందులో ప్రధానంగా 12 వోల్టుల బ్యాటరీ గల పెట్రోలు కార్లను దృష్టిలో ఉంచుకొన్నాము. డీజిలు వాహనాలు, ద్విచక్ర వాహనాల గురించి ప్రత్యేకంగా వేరొక విభాగం ఉన్నది.

చరిత్ర

తొలినాటి కార్లను ముందు భాగంలో ఒక ఇనుప హ్యాండిలు పెట్టి చేతితో త్రిప్పి స్టార్టు చేసేవారు. ఇంజను ఒక్కొక్కసారి వెనుకకు తన్నడం వలన త్రిప్పేవారి మణికట్టు, ముంజేయి విరిగేవి. అమెరికాకు చెందిన ఇంజనీరు ఛార్లెస్ కెట్టరింగ్ (1876-1958) రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లలో అమర్చారు. ఆ తరువాత అది క్రమంగా అన్ని కార్లకు వ్యాపించింది. దీనినే మన ప్రాంతంలో మెకానిక్కులు, డ్రైవర్లు "సెల్ఫు" అని వ్యవహరిస్తారు. "సెల్ఫు తీసుకోవడం లేదు" అంటే స్టార్టరు మోటారు ఇంజనును త్రిప్పడం లేదని అర్థం. చేతి కష్టం పోయింది గానీ, వాహనం స్టార్టు కావడం పూర్తిగా విద్యుత్తు మీద ఆధారపడింది.

స్టార్టింగు వ్యవస్థ పనిచేసే విధానం

లోపాన్ని వెదకడానికి ముందు విద్యుత్తు ప్రయాణించే దారిని తెలుసుకొనడం అవసరం. ఇందులో రెండు వలయాలు ఉన్నవి.

మొదటిది ఆజ్ఞ ఇచ్చే చిన్న వలయం. తాళంచెవిని త్రిప్పినప్పుడు కొద్దిపాటి కరెంటు ఇగ్నిషన్ స్విచ్చి, క్లచ్ పెడలు స్విచ్చి (ఆటోమేటిక్ గేరు కార్లలో న్యూట్రల్ స్విచ్చి), రిలేల ద్వారా సోలినాయిడుకు చేరుతుంది. సోలినాయిడ్ అనగా స్టార్టరు మోటారు మీద అమర్చిన విద్యుదయస్కాంతం.

రెండవది పనిచేసే పెద్ద వలయం. సోలినాయిడులోని ఇనుప కడ్డీ లోనికి లాగబడినప్పుడు రెండు పనులు జరుగుతాయి. ఒక చిన్న పళ్ళచక్రం ముందుకు జరిగి ఇంజను ఫ్లైవీలు అంచున ఉన్న పెద్ద పళ్ళచక్రాన్ని పట్టుకుంటుంది. అదే సమయంలో లోపల ఉన్న లావుపాటి రాగి కాంటాక్టులు కలిసి, బ్యాటరీ నుండి మోటారుకు భారీగా కరెంటు ప్రవహిస్తుంది. చిన్న పెట్రోలు కార్లలో ఇది సుమారు 100 నుండి 200 ఆంపియర్లు ఉంటుంది. ఇంటిలోని ఒక ఫ్యానుకు ఒక ఆంపియరు కూడా అవసరం లేదని గుర్తు చేసుకుంటే దీని తీవ్రత అర్థమవుతుంది. ఈ కరెంటు ఇంజను లోహం, ఎర్తు తీగల ద్వారా తిరిగి బ్యాటరీ ఋణధ్రువానికి చేరవలెను. ఈ తిరుగు దారిని చాలామంది మరచిపోతారు.

మొదటి ప్రశ్న: ఇంజను తిరుగుతున్నదా, లేదా?

స్టార్టు కాకపోవడం రెండు విధాలు. మొదటి విధంలో తాళంచెవి త్రిప్పినా ఇంజను అసలు తిరగదు, లేదా చాలా మందంగా తిరుగుతుంది. రెండవ విధంలో ఇంజను చురుకుగా తిరుగుతుంది గానీ అంటుకొనదు. మొదటి దానికి కారణం బ్యాటరీ, తీగలు, స్టార్టరు, స్విచ్చిలలో ఉంటుంది. రెండవ దానికి కారణం ఇంధనం, స్పార్కు, వాటిని నియంత్రించే సెన్సారులలో ఉంటుంది. ఈ రెండింటికీ సంబంధం చాలా తక్కువ. ఇంజను చురుకుగా తిరుగుతున్నప్పుడు స్టార్టరు మోటారును మార్చడం, ఇంజను తిరగనప్పుడు స్పార్కు ప్లగ్గులు మార్చడం వృథా ప్రయాస.

ఇంజను తిరగనప్పుడు వినిపించే ధ్వని ముఖ్యమైన ఆధారం.

* టకటకమని వరుసగా శబ్దం: సాధారణంగా బ్యాటరీ బలహీనంగా ఉన్నదని, లేదా దాని కనెక్షన్లు సరిగా లేవని సూచన. సోలినాయిడ్ లాగబడగానే మోటారు కరెంటు కోరుతుంది, వోల్టేజి పడిపోతుంది, సోలినాయిడ్ విడిపోతుంది, వోల్టేజి తిరిగి పెరుగుతుంది. ఇది క్షణానికి అనేకసార్లు జరగడమే ఆ శబ్దానికి కారణం.
* టక్‌మని ఒకే ఒక శబ్దం: సోలినాయిడ్ పనిచేసింది, మోటారు తిరగలేదు. కాంటాక్టులు, కార్బన్ బ్రష్షులు లేదా లావు తీగలను అనుమానించవలెను.
* పూర్తి నిశ్శబ్దం: ఆజ్ఞ సోలినాయిడుకు చేరలేదు. స్విచ్చి, రిలే, ఫ్యూజు, ఇమ్మొబిలైజరులను పరీక్షించవలెను.
* గిర్రున తిరిగే శబ్దం వచ్చినా ఇంజను కదలకపోవడం: మోటారు తిరుగుతున్నది గానీ పళ్ళచక్రం ఫ్లైవీలును పట్టుకోవడం లేదు.

ముందు దీపాలు వేసి స్టార్టు చేయడం మరొక సులభమైన పరీక్ష. దీపాలు బాగా మసకబారితే బ్యాటరీ, తీగలు బలహీనంగా ఉన్నవనో, మోటారు బిగుసుకొన్నదనో భావించవచ్చును. దీపాల వెలుగు ఏ మాత్రం మారకపోతే భారీ కరెంటు మోటారుకు చేరనే లేదు.

బ్యాటరీ

సీసపు బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో కనుగొన్నాడు. కారు బ్యాటరీలో ఆరు అరలు ఉంటాయి. ఒక్కొక్క అర సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. కొన్ని గంటల పాటు కదలకుండా ఉన్న కారులో కొలిచినప్పుడు, పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 వోల్టులు ఉంటే అందులో సగమే ఛార్జి ఉన్నట్లు. 12 వోల్టుల కంటె తగ్గితే దాదాపు ఖాళీ అయినట్లు. "12 వోల్టుల బ్యాటరీలో 12 వోల్టులు ఉన్నవి, బాగానే ఉన్నది" అనుకొనడం తరచుగా జరిగే పొరపాటు.

వోల్టేజి సరిగా ఉన్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్లు కాదు. స్టార్టు చేస్తున్న సమయంలో కూడా మల్టీమీటరుతో కొలవవలెను. అప్పుడు సుమారు 9.6 వోల్టుల కంటె తగ్గితే బ్యాటరీ బలం తగ్గినట్లు. ఇంజను నడుస్తున్నప్పుడు చాలా కార్లలో 13.8 నుండి 14.5 వోల్టులు ఉంటుంది. అంతకు తక్కువగా ఉంటే ఆల్టర్నేటరు సరిగా ఛార్జి చేయడం లేదని అనుమానించవచ్చును. అటువంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజులలో అదే కథ పునరావృతమవుతుంది.

కారు నిలిపి ఉన్నప్పుడు కూడా గడియారం, అలారం వంటివి కొంత కరెంటు తీసుకుంటాయి. 0.05 ఆంపియరు చొప్పున రోజుకు 1.2 ఆంపియరు-గంటలు ఖర్చవుతుంది. 35 ఆంపియరు-గంటల బ్యాటరీ ఆ లెక్కన నెల రోజులలోపే ఖాళీ అవుతుంది. డిక్కీలో 5 వాట్ల చిన్న దీపం ఆరకుండా ఉండిపోతే మూడున్నర రోజులు చాలును. సెలవులకు ఊరు వెళ్ళి వచ్చిన తరువాత మాత్రమే కారు స్టార్టు కావడం లేదంటే ముందుగా ఇటువంటి దొంగ ఖర్చును వెదకవలెను.

చిలుము, వదులు కనెక్షన్లు

అప్పుడప్పుడు మాత్రమే కనిపించే లోపాలకు అతి సామాన్యమైన కారణం ఇదే. బ్యాటరీ ధ్రువాల మీద తెల్లగా, ఆకుపచ్చగా పేరుకొనే చిలుము, వదులైన బిగింపు, తుప్పు పట్టిన ఎర్తు తీగ విద్యుత్ నిరోధాన్ని పెంచుతాయి. "లైట్లు బాగా వెలుగుతున్నాయి, హారను మోగుతున్నది, కావున బ్యాటరీ కనెక్షన్లలో లోపం లేదు" అని చాలామంది వాదిస్తారు. ఈ వాదన ఎందుకు తప్పో ఓమ్ నియమం చెబుతుంది. ఈ నియమం ప్రకారం నష్టపోయే వోల్టేజి, కరెంటును నిరోధంతో హెచ్చించగా వచ్చిన విలువకు సమానం.

ఒక చెడిన కనెక్షనులో 0.02 ఓముల నిరోధం ఉన్నదనుకొందాము. ముందు దీపాలు రెండూ కలిసి సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటాయి. అక్కడ నష్టం 10 × 0.02 = 0.2 వోల్టు మాత్రమే. వెలుగులో తేడా కంటికి కనిపించదు. స్టార్టరు 150 ఆంపియర్లు కోరుతుంది. అప్పుడు నష్టం 150 × 0.02 = 3 వోల్టులు. మోటారు అశక్తమవుతుంది. కనెక్షను ఒకటే, నిరోధం ఒకటే. ప్రవాహం మారడంతో ఫలితం మారిపోయింది. కుదుపులకు, వేడికి ఆ కనెక్షను కొద్దిగా జరిగినప్పుడల్లా నిరోధం మారుతుంది కనుక లోపం వచ్చి పోతుంటుంది.

దీనిని కనుగొనడానికి స్టార్టు చేస్తుండగా, మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ ధనధ్రువం మీద, రెండవ కొనను స్టార్టరు లావు తీగ బిగించిన చోట ఉంచి కొలవవలెను. అర వోల్టు కంటె ఎక్కువ ఉండరాదు. అదే విధంగా బ్యాటరీ ఋణధ్రువానికీ ఇంజను లోహానికీ మధ్య 0.2 లేక 0.3 వోల్టు మించరాదు. మీటరు లేనివారు ఒక లావుపాటి జంపరు తీగతో ఋణధ్రువాన్ని ఇంజను లోహానికి నేరుగా కలిపి చూడవచ్చును. వెంటనే స్టార్టు అయితే ఎర్తు తీగలోనే లోపం ఉన్నదని తేలుతుంది. ఎర్తు తీగ ఖరీదు స్టార్టరు మోటారు ఖరీదులో చాలా చిన్న భాగం.

సోలినాయిడ్, స్టార్టరు మోటారు

మోటారులో తిరిగే భాగం మీద అనేక రాగి పలకలు వరుసగా అమర్చబడి ఉంటాయి. వాటిని కార్బన్ బ్రష్షులు ఒరుసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఒక పలక కాలిపోయినా, బ్రష్షులు అరిగినా, మోటారు ఆగిన స్థానాన్ని బట్టి తరువాతి స్టార్టు ఆధారపడుతుంది. మంచి పలక మీద ఆగితే స్టార్టు అవుతుంది, చెడిన పలక మీద ఆగితే కాదు. మోటారు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. లోపం "ఇష్టం వచ్చినట్లు" కనిపించడానికి ఇది ఒక మూలకారణం. స్టార్టరు మీద మెల్లగా తట్టినప్పుడు స్టార్టు అయితే బ్రష్షులు లేదా కాంటాక్టులు అరిగినట్లు భావించవచ్చును. తట్టడం చికిత్స కాదు. అది ఇంటికి చేరడానికి ఒక ఉపాయం మాత్రమే.

కొన్ని వాహనాలు ఇంజను బాగా వేడెక్కిన తరువాత మాత్రమే సెల్ఫు తీసుకోవు. రాగి నిరోధం ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల నుండి 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన సోలినాయిడ్ చుట్టలో నిరోధం దాదాపు 29 శాతం పెరిగి, లాగే శక్తి తగ్గుతుంది. తీగలలో అప్పటికే కొంత లోపం ఉంటే ఈ తగ్గుదల చాలును. చల్లారిన తరువాత మళ్ళీ పనిచేస్తుంది.

స్విచ్చిలు, రిలేలు, తాళంచెవి

పూర్తి నిశ్శబ్దం ఉన్నప్పుడు ఖర్చు లేని పరీక్షలు ముందు చేయవలెను. క్లచ్ పెడలును చివరి వరకు తొక్కి చూడాలి. ఆటోమేటిక్ కారులో గేరు మీటను పార్కింగు నుండి న్యూట్రలుకు మార్చి ప్రయత్నించాలి. అప్పుడు స్టార్టు అయితే న్యూట్రల్ స్విచ్చి లోపం. తాళంచెవిని త్రిప్పి పట్టుకొని కొద్దిగా అటూ ఇటూ కదిపినప్పుడు స్పందన వస్తే ఇగ్నిషన్ స్విచ్చి అరిగినట్లు. ఒకే నమూనాకు చెందిన మరొక రిలే పెట్టెలో ఉంటే, రెండింటిని మార్చి చూడవచ్చును.

ఇటీవలి కార్ల తాళంచెవిలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. కారు దానిని గుర్తించకపోతే ఇంజనును స్టార్టు కానివ్వదు. ఈ రక్షణ ఏర్పాటును ఇమ్మొబిలైజరు అంటారు. డాష్‌బోర్డు మీద తాళంచెవి గుర్తు మిణుకుమిణుకుమంటుంటే రెండవ తాళంచెవితో ప్రయత్నించవలెను. బటను నొక్కి స్టార్టు చేసే కార్లలో రిమోటులోని చిన్న సెల్లు బలహీనపడినా ఇదే జరుగుతుంది. ఎలుకలు తీగలను కొరకడం కూడా మన ప్రాంతంలో సామాన్యమే. కొరికిన తీగ ఒక్క పోగు మీద వ్రేలాడుతూ, కుదుపును బట్టి కలుస్తూ విడిపోతూ ఉంటుంది.

ఇంజను తిరిగినా అంటుకొనకపోవడం

తాళంచెవిని ఆన్ స్థానంలో ఉంచగానే చాలా కార్లలో వెనుక సీటు వైపు నుండి పెట్రోలు పంపు రెండు క్షణాల పాటు సన్నగా మ్రోగుతుంది. స్టార్టు కాని సమయంలో ఆ ధ్వని వినిపించకపోతే పంపు, దాని ఫ్యూజు, రిలేలను పరీక్షించవలెను. రిలే లోపల సన్నగా చిట్లిన టంకం ఎండకు వ్యాకోచించి విడిపోయి, చల్లబడగానే కలవడం కూడా జరుగుతుంది.

వేడి ఇంజనుతో ఆగి, చల్లారిన తరువాత స్టార్టు అయ్యే కార్లలో క్రాంక్‌షాఫ్టు సెన్సారును ముఖ్యంగా అనుమానించవలెను. ఇంజను ఏ స్థానంలో ఉన్నదో కంప్యూటరుకు తెలిపేది ఇదే. దీని సంకేతం లేకపోతే కంప్యూటరు స్పార్కును, ఇంధనాన్ని అనుమతించదు. కంప్యూటరు జ్ఞాపకంలో పీ 0335 అనే లోప సంఖ్య ఉంటే ఈ సెన్సారు వలయంలో లోపం ఉన్నట్లు. అయితే సెన్సారుకు వెళ్ళే తీగ తెగినా ఇదే సంఖ్య వస్తుంది. కావున ఆ సంఖ్య వెదకవలసిన చోటును చెబుతుందే గాని మార్చవలసిన భాగాన్ని చెప్పదు.

కార్బురేటరు ఉన్న పాత కార్లలో, ఉదాహరణకు 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ వంటి వాటిలో, రోహిణీ కార్తె ఎండలకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, పంపు ద్రవాన్ని లాగలేకపోయేది. డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయడం దీనికి శాస్త్రీయమైన విరుగుడే. వర్షాకాలంలో స్పార్కు ప్లగ్గు తీగల మీద తేమ చేరి స్పార్కు ప్రక్కకు జారిపోవడం మరొక కారణం.

డీజిలు వాహనాలు, ద్విచక్ర వాహనాలు

డీజిలు ఇంజనులో స్పార్కు ఉండదు. చలి ఉదయాలలో మాత్రమే మొరాయిస్తే గ్లో ప్లగ్గులను, రాత్రంతా నిలిపిన తరువాత మొరాయిస్తే ఇంధన గొట్టాలలో గాలి చేరడాన్ని పరీక్షించవలెను. పాత మోటారు సైకిళ్ళు బ్యాటరీ బలహీనంగా ఉన్నా కిక్కుతో స్టార్టు అయ్యేవి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత ద్విచక్ర వాహనాలలో అధిక భాగం ఇంధన ఇంజెక్షనుకు మారాయి. వాటిలో పంపు, కంప్యూటరు పనిచేయడానికి తగినంత వోల్టేజి అవసరం కనుక బ్యాటరీ సంరక్షణకు ప్రాధాన్యం పెరిగింది.

నమోదు పుస్తకం, మరమ్మతు ఫలించిందో లేదో తెలుసుకొనడం

లోపం కనిపించిన ప్రతిసారీ తేదీ, సమయం, ఎండ లేక వాన, ఇంజను వేడి, అంతకుముందు ఎంతసేపు నిలిపి ఉంచినది, వినిపించిన ధ్వని, చివరకు ఎలా స్టార్టు అయినదీ ఒక చిన్న పుస్తకంలో వ్రాయవలెను. పది నమోదులు చేరేసరికి ఒక క్రమం బయటపడుతుంది. మెకానిక్కుకు "అప్పుడప్పుడు స్టార్టు కాదు" అని చెప్పడం కంటె, "ఇంజను వేడిగా ఉండి, పది నిమిషాలు ఆపిన తరువాత ఒకే టక్కు శబ్దం వస్తుంది" అని చెప్పడం సగం మరమ్మతు చేసినట్లే.

ఒక భాగం మార్చగానే వాహనం స్టార్టు అయినంత మాత్రాన ఆ భాగమే కారణమని నిర్ణయించరాదు; ఏమీ మార్చకపోయినా అది స్టార్టు అయి ఉండేదేమో. లోపం పదిసార్లలో ఒకసారి వచ్చేదనుకొందాము. ఏ మరమ్మతూ చేయకుండానే వరుసగా పదిసార్లు స్టార్టు అయ్యే అవకాశం, 0.9ని పదిసార్లు హెచ్చించగా, సుమారు 35 శాతం. వరుసగా ముప్పైసార్లు స్టార్టు అయ్యే అవకాశం సుమారు 4 శాతం మాత్రమే. అనగా కనీసం ముప్పైసార్లు నిరాటంకంగా స్టార్టు అయిన తరువాతనే మరమ్మతు ఫలించిందని నమ్మవచ్చును. ఒకేసారి రెండు భాగాలు మార్చితే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

జాగ్రత్తలు

* పరీక్షలకు ముందు గేరు న్యూట్రలులో ఉంచి, హ్యాండు బ్రేకు వేయవలెను.
* సెల్ఫును ఒకేసారి పది క్షణాలకు మించి త్రిప్పరాదు. మధ్యలో కనీసం అర నిమిషం విరామం ఇవ్వవలెను.
* బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. సమీపంలో అగ్గిపుల్ల, సిగరెట్టు ఉండరాదు. లోపలి ఆమ్లం కళ్ళకు, చర్మానికి హాని చేస్తుంది.
* బ్యాటరీ విప్పేటప్పుడు ఋణధ్రువాన్ని ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర కలపాలి. అలా చేస్తే పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పులు రావు.
* మరొక వాహనం బ్యాటరీతో స్టార్టు చేసేటప్పుడు ముందుగా రెండు ధనధ్రువాలను, తరువాత మంచి బ్యాటరీ ఋణధ్రువాన్ని, చివరగా చెడిన వాహనపు ఇంజను లోహాన్ని బ్యాటరీకి దూరంగా కలపవలెను.
* నెట్టి స్టార్టు చేయడం మాన్యువల్ గేరు వాహనాలకే వర్తిస్తుంది. ఆటోమేటిక్ గేరు కార్లను నెట్టి స్టార్టు చేయరాదు.
* తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, అది ప్రాణాంతకం.

ఇవి కూడా చూడండి

* సీసపు బ్యాటరీ
* ఓమ్ నియమం
* విద్యుదయస్కాంతం
* అంతర్దహన యంత్రం
* ఆల్టర్నేటరు